డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో లాబ్రడార్ కుక్కని (ల్యాబ్) పెంచగలమా? పాప ప్రాణం తీస్తోంది

నిజాంపేట_నాన్న
మాది నిజాంపేటలో నాలుగో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగస్తులమే, వారానికి మూడు రోజులు ఆఫీసుకి పోవాలి. అమ్మ మాతోనే ఉంటుంది, 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పాప నాలుగో తరగతి.

వేసవి సెలవుల్లో పాప స్నేహితురాలింటికి వెళ్లి వాళ్ల కుక్కతో రెండు గంటలు ఆడుకుని వచ్చింది. అప్పట్నుంచీ ఒకటే పోరు. "కుక్క వస్తే నేను చేసే పనులు" అని పదకొండు పనులు రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ఆరోది "రోజూ పళ్లు తోముతాను". కుక్కకా నీకా అంటే ఇద్దరికీ అంది.

నాకు చిన్నప్పట్నుంచీ ల్యాబ్ అంటే పిచ్చి. మా ఆవిడేమో తెస్తే చిన్నదే తేవాలి, షిట్జూ లాంటిది అంటోంది. అమ్మ అసలే వద్దంటోంది, దేవుడి మందిరం హాల్లోనే ఉంది మరి. కొంపల్లి వైపు ఒకాయన 40 రోజుల ల్యాబ్ పిల్లని 12 వేలకిస్తానంటున్నాడు. కాగితాల్లేవు. ఆదివారం లోపు చెప్పమన్నాడు. ఏ బ్రీడ్ అయితే బాగుంటుంది, నెలకెంతవుతుంది, పెంచినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బాబాయ్
40 రోజులదా! ఆయనకి ఫోన్ కూడా చెయ్యకండి. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి రూల్సే ఉన్నాయి. తల్లి దగ్గరా తోటి పిల్లల దగ్గరా ఆడుకుంటూనే ఎంత గట్టిగా కరవచ్చో నేర్చుకుంటాయి. ముందే లాక్కొచ్చేస్తే ఆ పాఠం మీ పాప చేతుల మీద నేర్చుకుంటుంది. పైగా "ఆదివారం లోపు" అంటున్నాడంటే సోమవారానికి వేరేవాడికి అంటగట్టేస్తాడన్నమాట.

షేరు_వాళ్ల_అమ్మ
మా షేరు ల్యాబ్, ఏడేళ్లు, 34 కిలోలు. మేముండేది కూకట్‌పల్లిలో, ఫ్లాట్‌లోనే. పెంచగలరా అంటే పెంచగలరు. కాకపోతే వచ్చేముందు ఎవరూ చెప్పనివి చెబుతాను.

వెంట్రుకలు. ఏడాదికి రెండుసార్లు రాలతాయని పుస్తకాల్లో ఉంటుంది, అబద్ధం, 365 రోజులూ రాలతాయి. మా ఇంట్లో పోపు వేసేటప్పుడు ఆవాలు చిటపటలాడేలోగా మూకుట్లో ఒక వెంట్రుక పడకపోతే ఆ రోజు విశేషమే. నల్ల ప్యాంట్లు కొనడం మానేశాం.

మొదటి ఏడాదిన్నర ఇల్లు దానిది. సోఫా ఒక మూల, రెండు రిమోట్‌లు, మా వారి చెప్పుల్లో ఎడమకాలివి మాత్రమే. కుడివి ముట్టుకునేది కాదు, ఎందుకో ఇప్పటికీ తెలీదు.

తిండి, పిడుదుల మాత్ర, డాక్టరు అన్నీ కలిపి మాకు నెలకి ఏడు వేల దాకా అవుతోంది. ఒంట్లో బాగాలేని నెల లెక్క వేరు. ల్యాబ్‌కి కడుపు నిండిందన్న సంగతి తెలీదు. ఆకలి కళ్లతో చూస్తుంది, మీరు కరిగిపోయి పెడతారు, అది పీపాలా అవుతుంది, కీళ్లు పోతాయి.

ఇంత చెప్పాను కదా, షేరు లేని ఇల్లు ఊహించుకోలేను. అది వేరే సంగతి.

కరీంనగర్_అన్న
అన్నా, బ్రీడ్ ముచ్చట తర్వాత. పొద్దుగాల ఐదున్నరకి లేసి కిందికి ఎవరు తీస్కపోతరు? వానకాలం గూడ. ఆదారం గూడ.

నిజాంపేట_నాన్న
నేనే తీసుకెళ్తా అనుకుంటున్నా.

కరీంనగర్_అన్న
"అనుకుంటున్నా" అన్నవ్ సూడు, గదే పరేషాన్. మా తమ్ముడు గూడ గట్లనే అన్నడు. ఇప్పుడు మా అమ్మ తిప్పుతున్నది.

వైజాగ్_వాకర్
చిన్నదైతే సులువనుకునే వాళ్లకి మా పగ్ కథ. హచ్ ఫోన్ కంపెనీ యాడ్ చూసి ఊరంతా పగ్‌లు కొన్న రోజుల్లో మా నాన్న కూడా తెచ్చారు. ముక్కు లోపలికి నొక్కేసినట్టుంటుంది కదా, దానికి ఊపిరి తీసుకోవడమే ఒక ఉద్యోగం. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే ఒళ్లు చల్లబడాలి. ఆ రొప్పడానికే దానికి దారి లేదు. విశాఖ ఉక్కపోతలో మే నెలంతా ఏసీ గదిలోనే. ఒకసారి కరెంటు పోయి రెండు గంటలు రాలేదు, నాలుక నీలం తిరిగింది. తడి తువ్వాలు కప్పి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం.

షిట్జూ ముక్కూ దాదాపు అంతే. పైగా దానికి జుట్టు దువ్వాలి, కత్తిరించాలి. చిన్న కుక్క అంటే చిన్న పని కాదండీ.

సత్తిపండు
రాట్‌వీలర్ తెచ్చుకోండి. కొరియర్ కుర్రాడు కూడా గేటు దగ్గరే ఆగిపోతాడు.

బెజవాడ_బాబాయ్
@సత్తిపండు నాలుగో అంతస్తులో గేటేంటండీ. పాప నాలుగో తరగతి, ఇంట్లో పెద్దావిడ. మొదటిసారి పెంచేవాళ్లకి రాట్‌వీలర్ చెప్పడమంటే లైసెన్సు లేనివాడికి లారీ తాళాలివ్వడమే.

సత్తిపండు
ఆ జాతుల్ని బ్యాన్ చేశారు కదా, ఇప్పుడు దొరకవేమో కూడా.

బెజవాడ_బాబాయ్
2024 మార్చిలో కేంద్రం 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపమని సర్క్యులర్ ఇచ్చింది. ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. దొరకడం మాట అటుంచండి, అక్కర్లేదు అంటున్నాను.

మూడో_అంతస్తు
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే అడుగుతా. కింద ఇంటివాళ్ల సంగతేంటి? మా పైన బీగిల్ ఉంది. పొద్దున తొమ్మిదికి వాళ్లు తలుపేసుకుని వెళ్తే సాయంత్రం ఆరు దాకా ఏడుస్తూనే ఉంటుంది. మొరగడం కూడా కాదు, ఊళ. మా నాన్నకి గుండె ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నప్పుడు నెల రోజులు ఆ ఊళే. లిఫ్టులో ఒకటి పోస్తుంది, "సారీ అంకుల్" అంటారు, తుడవరు.

ఇండీ_అక్క
అపార్ట్‌మెంట్ సంఘాలు కుక్కల్ని నిషేధించకూడదనీ, లిఫ్టు వాడొద్దనకూడదనీ జంతు సంక్షేమ బోర్డు ఎప్పుడో చెప్పింది.

మూడో_అంతస్తు
అమ్మా, నిషేధించమని ఎవరన్నారు? తుడవమంటున్నాను.

షేరు_వాళ్ల_అమ్మ
@మూడో_అంతస్తు మాటే నాది. బ్యాగులో పాత పేపర్లు, నీళ్ల సీసా లేకుండా నేను గడప దాటను. మనలో కొందరు తియ్యకుండా పోబట్టే అందరికీ చెడ్డపేరు. తొమ్మిది గంటలు ఒంటరిగా వదిలేస్తే ఊళ పెట్టక ఏం చేస్తుంది, అది ఆ కుక్క తప్పు కాదు. నిజాంపేట గారింట్లో అమ్మగారు ఉంటారు కాబట్టి ఆ ఒక్క విషయం నయం.

కరీంనగర్_అన్న
అమ్మ ఉంటది సరే. అమ్మని అడిగిన్రా మరి? మోకాళ్ల నొప్పులున్న మనిషికి పొద్దంతా కుక్కపిల్ల కావలి పెడ్తరా?

పశువుల_డాక్టరు
ఒంగోలు దగ్గర ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తున్నాను. రోజూ అడిగేవే కాబట్టి ఒక్కసారి రాసేస్తాను.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా. తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు వచ్చేదాకా. మూడు నెలలు నిండాక రేబిస్, ఆపైన ఏటా. ఈ టీకాలు పూర్తయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే నేల మీద దింపొద్దు. పార్వో అనే వైరస్ జబ్బు వస్తే రక్తపు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్ల చేతిలోంచి జారిపోతుంది. వారానికొకటైనా చూస్తాను, అన్నీ "టీకా వేయించామనే చెప్పాడండీ" అని కొనుక్కున్నవే. టీకా వేస్తే కార్డు మీద స్టిక్కరుంటుంది, బ్యాచ్ నంబరుంటుంది. మాట మీద నమ్మకండి.

రేబిస్ డబ్బుల గురించి ఆలోచించేవాళ్లుంటే జులై 6న రండి. 1885లో పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా మొదలుపెట్టిన రోజది. ఆ రోజు మా ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తాం. మీ కుక్కే కదా అని ఊరుకోకుండా పన్ను దిగినా గోరు గీరి రక్తం వచ్చినా సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పావుగంట కడిగి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం రాయకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక చేసేదేం ఉండదు.

ల్యాబ్ అయితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఉందా అని అడగండి. అడిగితే అమ్మేవాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు, ఫర్లేదు. తుంటి కీలు సరిగ్గా కుదరకపోవడం ఈ జాతిలో ఎక్కువ, మన ఫ్లాట్ల నున్నటి టైల్స్ దానికి ఇంకా చేటు. ఆడదైతే ఏడాదికి దాదాపు రెండుసార్లు ఎదకొస్తుంది. పిల్లలొద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి, లేకపోతే పెద్దయ్యాక గర్భసంచికి చీము పట్టి వచ్చేవి చాలా ఉంటాయి.

గోమార్లకి ఏడాది పొడుగునా మందు వాడాల్సిందే. వాటివల్ల వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరమనుకుని క్రోసిన్ వేసి తెచ్చేవాళ్లున్నారు. మన మాత్రలు కుక్కలకి వెయ్యకండి, దణ్ణం పెడతాను.

కరీంనగర్_అన్న
గోమార్లంటే ఏంది డాక్టర్ సాబ్?

పశువుల_డాక్టరు
మీ పిడుదులే. చెవి మడతలో, వేళ్ల సందుల్లో చూడండి.

కరీంనగర్_అన్న
ఒక్క పురుగుకి రెండు రాష్ట్రాల పేర్లు 😂

సీమ_పెద్దోడు
అందరూ సీమదొర కుక్కల గురించే చెప్తాండారు. మన దేశపు జాతులు కంటికి ఆనవా? మా తోటలో రాజపాళయం ఉండాది, తెల్లగా పాలరాయి మాదిరి. ఆ ఊరు తమిళనాడులో విరుదునగర్ జిల్లా, అక్కడి రాజు కులమోళ్లు ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు, అంటే మన చుట్టమే అనుకో. కర్ణాటకలో బాగల్‌కోట్ వైపు ముధోల్ ఉండాది. 2005లో పోస్టాఫీసోళ్లు ఈ రెండిటికీ స్టాంపులు కూడా వేసినారు. మన ఎండకి పుట్టినవి, ఏసీ అడగవు.

నిజాంపేట_నాన్న
@సీమ_పెద్దోడు అన్నా, ఫ్లాట్‌లో పెట్టుకోవచ్చా మరి?

సీమ_పెద్దోడు
అబద్ధం చెప్పనప్పా. కష్టం. పరిగెత్తాల అది. ముధోల్ అయితే ఇంకా, ఏదన్నా కదిలితే చాలు ఎనకపడతాది. మాది పక్క తోటాయన కోళ్లు నాలుగిటిని పట్టింది, నాటుకోడి ధర కట్టిచ్చినా. తెల్లటి రాజపాళయం పిల్లల్లో కొన్నిటికి పుట్టుచెవుడు కూడా ఉంటాది, ఎనక నిలబడి చప్పట్లు కొట్టి చూసుకోని తీసుకోవాల. నీ ఇంటికి సరిపోదు. కానీ ఈ మాట ఎవురో ఒకరు చెప్పాల కదా అని చెప్పినా.

బెజవాడ_బాబాయ్
దేశీ అనే మాట వచ్చింది కాబట్టి, మన అమ్మమ్మల ఇళ్లల్లో పామ్ అని పిలిచిన తెల్ల కుక్కలు నిజానికి పొమేరియన్లు కావు, ఇండియన్ స్పిట్జ్‌లు. పది కిలోల లోపే, ఏం పెట్టినా తిని పద్నాలుగు పదిహేనేళ్లు బతికేసేవి. మా స్నోయీ పెరుగన్నం మీదే గడిపేసింది. నోరు మాత్రం మూతపడదు. గ్యాస్ బండ కుర్రాడు వీధి చివర ఉండగానే మాకు తెలిసిపోయేది.

ఇండీ_అక్క
ఇన్ని పేర్లు చెప్పారు గానీ డబ్బు పెట్టక్కర్లేని కుక్క గురించి ఒక్కరూ చెప్పలేదు. మీ సెల్లార్‌లో ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మా ఇంట్లో మూడున్నాయి, మూడూ వీధివే. జబ్బులు తక్కువ, బొచ్చు తక్కువ, తెలివి ఎక్కువ. ఒక్కో పిల్లని కొన్నప్పుడల్లా ఎక్కడో షెడ్డులో ఒక తల్లిని మళ్లీ మళ్లీ కనమని కట్టేస్తున్నారని గుర్తుపెట్టుకోండి.

షేరు_వాళ్ల_అమ్మ
నేను కొన్నాను. పాపిష్టిదాన్నా?

ఇండీ_అక్క
అలా అన్లేదండీ.

షేరు_వాళ్ల_అమ్మ
అన్నట్టే ఉంది. నేను నాలుగు నెలలు వాళ్లింటి చుట్టూ తిరిగి, తల్లిని చూసి, తండ్రిని చూసి, అప్పుడు తెచ్చుకున్నాను. అందరూ షెడ్డుల్లో కొనరు.

వైజాగ్_వాకర్
వీధి కుక్కలన్నీ సాధువులన్నట్టు చెప్పడం కూడా సరికాదండీ. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కలు పసివాణ్ని చంపేసిన ఘటన అయ్యాక మా పిల్లలు నెలరోజులు సైకిల్ తియ్యలేదు. భయం ఊరికే రాదు.

ఇండీ_అక్క
ఆ భయం నాకూ ఉంది, నాకూ ఇద్దరు పిల్లలు. వీధిలో గుంపుగా, తిండీ టీకా ఆపరేషన్ లేకుండా తిరిగేది వేరు, ఇంట్లో పెరిగేది వేరు. రెండూ ఒకే జాతి కాబట్టి ఒకే బుద్ధి అనుకోవద్దనే నా గోల. @షేరు_వాళ్ల_అమ్మ నోరు జారాను, క్షమించండి.

డాలస్_పద్మ
మేమిక్కడ ఒక సంస్థ నుంచి దత్తత తీసుకున్నాం. పెళ్లి సంబంధానికి కూడా అన్ని ప్రశ్నలు అడగలేదు. కంచె ఎంత ఎత్తు, రోజుకెన్ని గంటలు ఇల్లు ఖాళీ, ఊరెళ్తే ఎవరికిస్తారు, ఇంతకుముందు కుక్క ఎలా పోయింది. ఇంటికొచ్చి పెరడు చూసి వెళ్లారు. మా అత్తగారు "కట్నం ఎంతిస్తారట" అని అడిగారు. ఇప్పుడనిపిస్తుంది, ఆ ప్రశ్నలు వాళ్ల కోసం కాదు, మా కోసమే అడిగారని. ఒక్కటి చెప్తాను, క్రేట్ అలవాటు చెయ్యండి, రాత్రిళ్లు హాయిగా పడుకుంటుంది.

భద్రం_మాస్టారు
క్రేట్ అనగా బోనేనా తల్లీ? చిలకని పెడితే నేరం, కుక్కని పెడితే శిక్షణా?

డాలస్_పద్మ
తలుపు తీసే ఉంచుతామండీ మాస్టారూ. దాని గది అన్నమాట. బయట టపాసులు పేలితే అదే వెళ్లి లోపల కూర్చుంటుంది.

భద్రం_మాస్టారు
అయితే సరే. మాకు దీపావళినాడు మంచం కిందే దాని గది.

నాయనా నిజాంపేటా, మీ అమ్మగారికి నా మాటగా చెప్పు. ధర్మరాజు స్వర్గం గుమ్మం దాకా వెళ్లి, కుక్కని వదిలి రమ్మంటే రథమెక్కనన్నాడు. ఇక దేవుడి మందిరం దగ్గరికి వస్తే వచ్చిన దోషమేమీ లేదు. అయితే ధర్మరాజుకి సంక్రాంతి ప్రయాణం లేదు, నీకుంది. మూడు రోజులు ఊరెళ్తే దీన్నెక్కడ పెడతావు? రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం తీసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలో డబ్బాలో వేస్తారు. పండగ రోజుల్లో మనుషులకే బెర్తు దొరకదు. హాస్టళ్లున్నాయట కుక్కలకి, మా అబ్బాయి రోజుకి 700 కట్టాడు. మా రోజుల్లో నా హాస్టలుకి నెలకి 90.

సత్తిపండు
మాస్టారూ 😂😂

మూడో_అంతస్తు
ఇంతకీ సొంత ఫ్లాటా, అద్దా?

నిజాంపేట_నాన్న
అద్దె.

మూడో_అంతస్తు
ఓనర్‌ని అడిగారా?

కరీంనగర్_అన్న
రెండు దినాలాయె, జవాబు లేదు. అడగలే అన్నట్టు.

నిజాంపేట_నాన్న
ఇప్పుడే అడిగానండీ. "గోడలు గీకితే పెయింటింగ్ మీదే" అన్నారు. అంటే సరేననే. కొంపల్లి ఆయనకి వద్దని చెప్పేశా. "మీ ఇష్టం సార్, రెండే మిగిలాయి" అన్నాడు. పోయిన వారం కూడా రెండే మిగిలాయి.

షేరు_వాళ్ల_అమ్మ
ఒక పని చెయ్యండి. దసరా సెలవులకి ఊరెళ్లే వాళ్లెవరిదైనా కుక్కని మీ ఇంట్లో పెట్టుకోండి. ఐదు రోజులు చాలు. మేమంతా రాసిన వంద మాటలకన్నా అది చెప్పేది ఎక్కువ.

నిజాంపేట_నాన్న
మా టీమ్‌లో ఒకమ్మాయికి ల్యాబ్ ఉంది, బ్రూనో. వాళ్లు కేరళ వెళ్తున్నారు. అడిగితే ఎగిరి గంతేసింది, హాస్టల్ డబ్బులు మిగులుతాయని. వచ్చాక చెప్తాను.

కరీంనగర్_అన్న
ఐదు దినాలు, ఐదున్నరకి. లెక్క రాసుకో అన్నా.

నిజాంపేట_నాన్న
మూడు వారాలైంది, ఎవరైనా ఇంకా ఉన్నారా ఇక్కడ? లెక్క రాశాను.

మొదటి రోజు: పాప ఐదుంబావుకే లేచి యూనిఫాం షూస్ వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. రెండో రోజు: నేను లేపితే లేచింది. మూడో రోజు: "నాన్నా, ఇవాళ నువ్వెళ్లు" అంది దుప్పట్లోంచి. నాలుగు, ఐదు కూడా నేనే. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, పడుకునే ముందు పది నిమిషాలు. రెండున్నర కిలోలు తగ్గాను, అది లాభం. ఒకసారి సంచి మర్చిపోయి పైకీ కిందికీ పరిగెత్తా, @మూడో_అంతస్తు గారే గుర్తొచ్చారు.

మహర్నవమి రోజు పెద్ద గొడవ. నైవేద్యం అయ్యాక అమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, బ్రూనో ఆవిడ పాదాల మీద గడ్డం పెట్టి చూస్తోంది. నేను స్నానం చేసి వచ్చేసరికి రెండు గారెలు అయిపోయాయి, మూడోది అమ్మ చేతిలో ఉంది. ఉల్లిపాయ కుక్కలకి విషమని ఎక్కడో చదివాను, గుండె జారిపోయింది. "అమ్మా, గారెల్లో ఉల్లిపాయుంది, ఏం చేశావు!" అని అరిచేశా. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నైవేద్యం గారెల్లో ఉల్లిపాయెవరేస్తార్రా, నిన్ను నేనేనా పెంచింది?" అంది. బ్రూనో మధ్యలో మూడోది కూడా లాగేసింది.

పశువుల_డాక్టరు
ఉల్లి, వెల్లుల్లి రెండూ రక్తకణాల్ని విరగ్గొడతాయి, భయపడటం న్యాయమే. ఉల్లి లేని గారె విషం కాదు గానీ ఆ నూనె క్లోమానికి మంచిది కాదు. అన్నట్టు పాయసం పెట్టలేదు కదా? కిస్‌మిస్‌లు కిడ్నీలకి దెబ్బ.

నిజాంపేట_నాన్న
పాయసం నేనే తినేశా డాక్టరుగారూ, దానిదాకా రాలేదు.

కథ అక్కడితో అయిపోతే ఈపాటికి ల్యాబ్ తెచ్చేసేవాణ్ని. నాలుగో రోజు మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉన్నా. బెల్ మోగింది, అమ్మ తలుపు తీసింది, బెల్టు అమ్మ చేతిలో ఉంది. ఎదురింటి పిల్లాడి చేతిలో బంతి చూసి బ్రూనో ఒక్క దూకు దూకాడు. పాపం బ్రూనోకి అది ఆటే. 32 కిలోలు. అమ్మ గోడ పట్టుకుని నిలదొక్కుకుంది కాబట్టి సరిపోయింది. పడలేదు. కానీ నేను బయటికొచ్చేసరికి ఆవిడ చేయి గోడ మీద వణుకుతోంది, అయినా నాతో "దాన్నేమీ అనకు" అంటోంది.

మా ఆవిడ ఆ రాత్రే తేల్చేసింది. ల్యాబ్ వద్దు. ఏ జాతిదైనా పిల్ల కూడా వద్దు, గంటకోసారి తడి తుడవడానికి వంగాల్సింది అమ్మే కాబట్టి. నాకు చాలాసేపు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీలేదు.

షేరు_వాళ్ల_అమ్మ
మీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. షేరు వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లు లేరు. ఉండుంటే నేనూ తెచ్చేదాన్ని కాదు.

వైజాగ్_వాకర్
మరి అమ్మగారు ఇప్పుడేమంటున్నారు?

నిజాంపేట_నాన్న
బ్రూనో వెళ్లిపోయాక రెండు రోజులు మధ్యాహ్నం పూట టీవీ పెట్టలేదు. నిన్న "ఆ గారెల కుక్క ఎలా ఉందట?" అని అడిగింది. వద్దని మాత్రం అనట్లేదు. దేవుడి మందిరానికి చిన్న తలుపు పెట్టించమంది.

ఇండీ_అక్క
అయితే వినండి. మా దగ్గర ఒక ఆడది ఉంది, రంగు గోధుమ, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉంటుంది. సుమారు మూడేళ్లు, 15 కిలోలు. పెంచినవాళ్లు బెంగళూరు మారుతూ వదిలేశారు. ఆపరేషన్, టీకాలు అయ్యాయి, ఇంట్లో తడపదు. బెల్టు లాగదు, మనిషి పక్కనే నడుస్తుంది. లోపం కూడా చెప్పాలి కదా, చీపురు చూస్తే మంచం కిందికి దూరుతుంది. ఎవరో కొట్టి ఉంటారు. మెట్లెక్కడానికి కూడా కాస్త బతిమాలాలి.

కరీంనగర్_అన్న
లిఫ్ట్ ఉన్నది గదా.

నిజాంపేట_నాన్న
శనివారం నలుగురం చూసి వచ్చాం. అది పాప దగ్గరికి రాలేదు, నా దగ్గరికీ రాలేదు. అమ్మ కుర్చీ పక్కన ఒక గజం దూరంలో కూర్చుంది. అమ్మ కూడా దాన్ని పిలవలేదు. అరగంట ఇద్దరూ అలాగే ఉన్నారు. దార్లో కారులో అమ్మ ఒకటే అడిగింది, చీపురు బదులు వ్యాక్యూమ్ క్లీనర్ ఎంతవుతుందని.

సంక్రాంతికి అమలాపురం వెళ్లొచ్చాక తీసుకుందాం అని మా ఆవిడ షరతు. తెచ్చిన వెంటనే కొత్తచోట వదిలి వెళ్లకూడదు కదా, అదీ నిజమే. ఈలోపు కుక్కకి మునిసిపల్ కార్పొరేషన్ లైసెన్స్ సంగతి, ఓనర్‌తో అగ్రిమెంట్‌లో ఒక ముక్క రాయించుకోవడం చూస్తున్నా. ఫ్రిజ్ మీద కాగితం మారింది. పదకొండు పనులు నాలుగయ్యాయి. పళ్లు తోమడం ఉంది, ఐదున్నర లేదు.

మూడో_అంతస్తు
లిఫ్టు సంగతి ఆ నాలుగిట్లో ఉందా?

నిజాంపేట_నాన్న
అది నా లిస్టులో ఉందండీ. మొదటిదే.

భద్రం_మాస్టారు
పేరు ఏమనుకున్నారు?

నిజాంపేట_నాన్న
పాప "ఎల్సా" అంటోంది. అమ్మ "గౌరి" అంటోంది. అక్కడైతే "బిస్కెట్" అని పిలుస్తున్నారు, దేనికీ తిరిగి చూడట్లేదు.

సీమ_పెద్దోడు
పెరుగన్నం గిన్నె చప్పుడు చెయ్యి, అదే పేరు దానికి.

కొత్తగా_చేరాను
చర్చ చాలా బాగుంది. మాది మణికొండలో 14వ అంతస్తు, ఇద్దరం ఉద్యోగాలే, ఇంట్లో ఎవరూ ఉండరు. హస్కీ తీసుకుందామనుకుంటున్నాం, కళ్లు నీలంగా బాగుంటాయి కదా. ఆదివారం లోపు చెప్పమన్నారు.

కరీంనగర్_అన్న
పైకి పోయి మొదటి నుంచి సదువు తమ్మీ.